సున్నం చల్లిన ఆదివారం

8 నవంబరు 2004, సోమవారం. మదనపల్లె.

ఈ రోజు మొదటి ఆశ్చర్యం: పొగను పసిగట్టే పరికరానికి ముక్కు లేదు. కన్ను ఉంది.

ప్రకాష్ బాబు సార్ షాపులో చేరి వారమైంది. డిప్లొమా చివర్లో ఆరు నెలలు ఎక్కడైనా పని నేర్చుకోవాలి. మా క్లాసులో అందరూ టీవీలూ ఫోన్లూ బాగుచేసే చోట చేరారు. నేనొక్కదాన్నే దొంగల అలారాలు, మంటల అలారాలు బిగించే షాపులో చేరాను. ఎందుకని అడిగినవాళ్లకు హాస్టలుకు దగ్గరని చెప్పాను. అసలు సంగతి అక్కకు తెలుసు.

సార్ ఆ తెల్లటి గిన్నెలాంటి దాన్ని విప్పి చూపించారు. దాని పేరు స్మోక్ డిటెక్టరు. లోపల సీసా మూతంత నల్లటి గది ఉంది. గదిలో ఒక మూల చిన్న దీపం, ఇంకో మూల వెలుతురును చూసే కన్ను. కానీ కన్ను దీపానికి ఎదురుగా లేదు, పక్కకు తిరిగి ఉంది. గాలి శుభ్రంగా ఉన్నంతసేపూ దీపం వెలుగుతూనే ఉంటుంది, కన్నుకు మాత్రం చీకటే. పొగ లోపలికి వచ్చిందంటే ఆ వెలుతురు పొగకు తగిలి నాలుగు వైపులా చెదిరిపోతుంది. చెదిరిన దాంట్లో రవ్వంత వెళ్లి కన్నులో పడుతుంది. వెంటనే గంట.

"అంటే సార్, పొగ వస్తేనే దానికి వెలుతురు కనబడుతుందా?"

"అంతే తల్లీ. మనకు పొగొస్తే కండ్లు కనపడవు. దానికి పొగొస్తేనే కనపడతాది."

సార్ సంతకం పెట్టే కాలేజీ నోటులో 'కాంతి పరిక్షేపణం' అని రాశాను. ఎంత బాగుందీ మాట. పరిక్షేపణం. హాస్టలుకు నడిచి వస్తూ దారంతా నోట్లో తిప్పుకున్నాను. ఈ రెండో నోటులో ఎవరి సంతకమూ ఉండదు కాబట్టి ఇలా రాసుకుంటున్నాను: చీకటి గదిలో ఒక కన్ను, తనకు వెలుతురు కనబడే రోజు రాకూడదని కోరుకుంటూ కూర్చుంది.

10 నవంబరు, బుధవారం.

ఇంటి తలుపులకు బిగించే అలారం నేర్చుకున్నాను. తలుపు చట్రానికి ఒక ముక్క, రెక్కకు అయస్కాంతం ముక్క. తలుపు మూసి ఉంటే రెండూ పక్కపక్కన ఉంటాయి, తీగలో కరెంటు తిరుగుతూ ఉంటుంది. తెరిస్తే విడిపోతాయి, కరెంటు ఆగిపోతుంది, తీగ చివరనున్న పెట్టె గంట మోగిస్తుంది.

"దొంగ తీగనే కత్తిరించేస్తే?" అన్నాను. చాలా తెలివైన ప్రశ్న అడిగాననుకున్నాను.

సార్ నవ్వారు. "సూడమ్మా, ప్రతి తలుపూ పెట్టెతో పొద్దస్తమానం 'ఉన్నా, ఉన్నా' అని చెప్తానే ఉంటాది. కత్తిరిస్తే ఆ మాట నిలిచిపోతాది. నిలిచిందంటే పెట్టె అరస్తాది. మాటను వినేది కాదు దీని పని. మాట నిలిచేదాన్ని వినేది."

అక్క కూడా అంతే కదా అనిపించింది. మా ఇంటి పట్టుపురుగులు ఆకు తింటుంటే షెడ్డులో వాన పడుతున్నట్టు చప్పుడు. మేమంతా చెవులతో వింటాం. అక్క తట్టలుంచే అరకు అరచెయ్యి ఆనించి వింటుంది. ఏ తట్టలో తినడం ఆగిందో మాకంటే ముందు అక్కకే తెలుస్తుంది.

ఆరేళ్లప్పుడు జ్వరమొచ్చి అక్కకు చెవులు పోయాయి. అప్పటికి నేను పుట్టలేదు. కాబట్టి నా గొంతు ఎలా ఉంటుందో అక్కకు ఎప్పుడూ తెలియదు. ఇది నేను చాలాసార్లు రాశాను. మళ్లీ రాశాను.

14 నవంబరు, ఆదివారం. ఊరు.

బిగించాను!

సార్ ఒక పాత స్మోక్ డిటెక్టరు, పెట్టె, చిన్న బ్యాటరీ ఇచ్చారు. ఒక బట్టల షాపులో కొత్తవి పెట్టినప్పుడు తీసేసిన సామాను. ఇచ్చే ముందు అడిగారు, "పట్టుపురుగుల షెడ్డులో దుమ్ముంటాదా? దుమ్ముంటే పొగది కాదు, వేడిది పెట్టల్ల."

దుమ్ము ఎక్కడిది సార్, అక్క కాళ్లు కడుక్కోనిదే మా నాయనను కూడా లోపలికి రానివ్వదు అన్నాను. వేడిది చూశాను కూడా. ఒక చిన్న రేకు ముక్క, అంతే. నాకు చీకటి గది ఉన్నదే కావాలనిపించింది.

డిటెక్టరు షెడ్డు మధ్యలో, పైకప్పు కింద. పెద్ద హారను ఇంటి చూరు కింద, అమ్మకూ నాయనకూ. ఎర్రబల్బు అక్కకు. షెడ్డు పక్కన ఆకు తరిగే గదిలో అక్క ఎప్పుడూ కూర్చునే పీటకు ఎదురుగా గోడకు బిగించాను. చలికాలం పురుగులకు వెచ్చదనం కోసం షెడ్డులో బొగ్గుల కుంపటి పెడతారు. ఏదన్నా అంటుకుంటే అందరం కేకలేస్తాం, అక్కకు కేకలు వినబడవు. పోయిన చలికాలమంతా నాకు హాస్టల్లో ఇదే భయం. ఈ షాపులో చేరింది అందుకే.

షెడ్డు ఖాళీగా ఉంది కాబట్టి అగరొత్తి ముట్టించి చూపించాను. పురుగులుంటే అక్క అగరొత్తి వాసన కూడా పడనివ్వదు. పొగ పైకి వెళ్లింది, ఒకటి, రెండు, మూడు, నాలుగు... ఎర్రబల్బు వెలిగింది. అక్క చప్పట్లు కొట్టింది.

"పాపా, మల్లా!" అంది. అక్క గొంతులో మాటలు మెత్తగా, అంచులు లేకుండా వస్తాయి. కొత్తవాళ్లకు అర్థం కావు.

పదిసార్లు వెలిగించాను. పదిసార్లూ హారను మోగింది. నాయన చెవులు మూసుకుని వచ్చాడు. "దీపావళి మొన్ననే అయిపాయ కదమ్మా, ఇంగా యాల ఈ మోత?" అన్నాడు. తరువాత బల్బును, తీగలను చాలాసేపు చూశాడు. "ఈ ఆరు నెలలు సూస్తా. పనికొచ్చే సదువయితే సదువుకో. లేదంటే మీ అమ్మకు తోడుగా ఇంట్లో ఉండు." మా నాయన నారాయణస్వామి గారు మెచ్చుకునే తీరు ఇది.

అక్క నడుముకు షెడ్డు తాళంచెవి ఎప్పటిలాగే వేలాడుతోంది. ఎనిమిదేళ్లుగా ఆ షెడ్డు అక్కదే.

21 నవంబరు, ఆదివారం. ఊరు.

సిగ్గుతో చచ్చిపోయాను.

బుధవారం చాకీ కేంద్రం నుంచి పురుగులు తెచ్చారు. చిన్న పురుగులను రెండు జ్వరాలు దాటేదాకా అక్కడే పెంచి ఇస్తారు. జ్వరమంటే జబ్బు కాదు. పురుగు ఒక రోజు తినడం మానేసి, తల పైకెత్తి, కదలకుండా ఉండి, పాత చర్మం విడుస్తుంది. ఆ రోజు దాని పేరు జ్వరం. నాలుగు జ్వరాలు లేచిన పురుగే గూడు కడుతుంది.

ఈ రోజు మూడో జ్వరం. జ్వరానికి కూర్చున్నప్పుడు తట్టలోని తడి ఆరడానికి పైన సున్నం పొడి చల్లుతారు. పుట్టినప్పటినుంచీ చూస్తున్నాను. అయినా నాకు గుర్తు రాలేదు! అక్క పలుచటి గుడ్డలో సున్నం కట్టి తట్టల మీద దులుపుతూ రెండో అరకు వచ్చేసరికి హారను మొదలైంది. పెద్దనాయన కొడుకు లోకేష్ టమోటా తోటలోనుంచి నీళ్ల బిందెతో పరుగెత్తుకొచ్చాడు. వెనక పదిమంది. తలుపు దగ్గర అక్క, వెంట్రుకల నుంచి కాళ్లదాకా తెల్లగా, ఎందుకు వచ్చారన్నట్టు చూస్తోంది.

"యాడ మంట? యాడ?" అన్నాడు లోకేష్.

"మంట ల్యా, మన్ను ల్యా. సున్నం," అంది అమ్మ. "మీ సారు మిషను సున్నానికే జడుసుకుంటే ఇంగ మంటకేం ఎదురు నిలస్తాది పాపా?"

"ఈ నీళ్లు మోసుకొచ్చినానే చిన్నమ్మా, యాడ పోసేది?" అన్నాడు లోకేష్.

"నీ చెల్లెలి నెత్తిన పొయ్యి!"

అందరూ నవ్వారు. అక్కకు విషయం చేతులతో చెప్పాను. అక్క అందరికంటే ఎక్కువ నవ్వింది. నవ్వుతూనే సున్నం చేత్తో నా ముక్కు మీద ఒక చుక్క పెట్టింది.

22 నవంబరు, సోమవారం. మదనపల్లె.

"దుమ్ము లేదంటివే?"

"సున్నం దుమ్మనుకోలేదు సార్."

"నీకు అది సున్నం. దానికి అదీ పొగే. వెలుతురుకు ఏదడ్డమొచ్చినా చెదురతాది."

వేడిది పట్టుకుపో అన్నారు మళ్లీ. వద్దు సార్, ఇదే ఉంచుకుంటాను అన్నాను. సార్ నా ముఖం చూసి, సొరుగులోంచి పసుపురంగు ప్లాస్టిక్ మూత ఒకటి తీసిచ్చారు. కొత్త ఇళ్లలో రంగులు వేసేటప్పుడు డిటెక్టరుకు తొడిగే మూత. "సల్లేముందర తొడుగు. సల్లినాక తియ్. తొడిగేది ఎవరైనా తొడగతారు. తీసేది గ్యాపకముండల్ల."

28 నవంబరు, ఆదివారం. ఊరి నుంచి వచ్చి.

నాలుగో జ్వరం. పురుగులు వేలెడంత అయ్యాయి. మూత తొడిగాను, అక్క సున్నం చల్లింది, ఈసారి ఒక్క చప్పుడు లేదు. నాయన అరుగు మీద కూర్చుని, "ఈ పొద్దు మీ మిషనుకు జరం తగ్గినట్టుండాదే" అన్నాడు.

మధ్యాహ్నం పలక మీద అక్కకు కొత్త మాట రాసి చూపించాను: పరిక్షేపణం. అక్షరాలు చూసి అక్క కళ్లు పెద్దవి చేసింది, ఇంత పొడుగా అని. అర్థం ఎలా చెప్పాలో తెలియక, గుడ్డలోని సున్నం కిటికీ దగ్గర ఎండలో దులిపాను. ఎండ కడ్డీలాగా కనబడింది. అంతకు ముందు కూడా ఎండ అక్కడే ఉంది, కనబడలేదు. అక్క ఆ కడ్డీలో చెయ్యి పెట్టి తీసింది, పెట్టి తీసింది. "తెల్సింది పాపా" అంది.

ఇంతలో నాలుగున్నర బస్సు హారను వినబడింది. సంచీ సగం సర్దినది సర్దినట్టే పట్టుకుని పరుగు. అక్క మజ్జిగ చెంబుతో రోడ్డుదాకా వెంట వచ్చింది. కిటికీలోంచి తాగి చెంబు ఇచ్చేశాను. పుంగనూరులో మదనపల్లె బస్సు కూడా వెంటనే దొరికింది. మంచి రోజు.

2 డిసెంబరు, గురువారం.

లోకేష్ షాపుకు ఫోను చేశాడు. షెడ్డు అంటుకుంది. అక్క చేతులు కాలాయి. ప్రాణానికి భయం లేదంటున్నాడు. సార్ వంద రూపాయలు చేతిలో పెట్టి బస్టాండులో వదిలారు. బస్సు ఇంకా రాలేదు, బెంచీ మీద రాస్తున్నాను. ఏమీ రాయడానికి లేదు.

3 డిసెంబరు, శుక్రవారం. ఊరు.

జరిగింది ఇదీ. నిన్న పొద్దున తుంపర, చలి. కుంపటిలో బొగ్గులు ఎక్కువ వేశారు. చలిగాలి రాకుండా కిటికీకి కట్టిన గోనెపట్టా మీద నిప్పురవ్వ పడింది. గోనె మంటగా అంటుకోదు, రాజుకుంటూ పొగ విడుస్తుంది. అక్క పక్క గదిలో ఆకు తరుగుతోంది. గంపతో లోపలికి వచ్చి, ఎప్పటిలాగే ముందుగా అరకు చెయ్యి ఆనించింది. అరలో ఆ వాన చప్పుడు లేదు. నాలుగు జ్వరాలూ లేచిన పురుగులు, రేయింబవళ్లు తినాల్సినవి, తినడం ఆపేశాయి. అప్పుడు తలెత్తి చూస్తే కిటికీ పక్క అంతా పొగ. అక్క గోనెపట్టాను చేతులతో లాగి బయట పడేసింది. అప్పటికి ఒక అర అంటుకుంది. దాన్నీ ఈడ్చింది.

రెండు అరల పురుగులు పోయాయి. కుడి అరచెయ్యి బాగా కాలింది. ఎడమది కొంచెం. పుంగనూరు ఆసుపత్రిలో కట్టు కట్టారు. ఇప్పుడు నిద్రపోతోంది. చేతులు రెండూ దిండు మీద, పట్టుగూళ్లలాగా తెల్లగా.

నాయన అంటున్నాడు, "కండ్ల ముందరే ఎర్రబల్బు పెట్టిస్తిమి. ఎలిగే ఉంటాది. ఆకు కోస్తా తలెత్తి సూసుండదు."

"ఇంటి కాడ హారనూ మోగలేదు కదండీ?" అంది అమ్మ.

"మనం చేనికాడ ఉంటిమి, మనకేం తెలస్తాది?"

నేను షెడ్డులోకి వెళ్లాను. స్టూలు వేసుకుని ఎక్కి, దిగాను. పెట్టె మీద పచ్చలైటు వెలుగుతూనే ఉంది. బ్యాటరీ బాగుంది. తీగలు బాగున్నాయి. సిస్టంలో ఏ లోపమూ లేదు.

4 డిసెంబరు, శనివారం.

చలి ఎక్కువగా ఉంది. మిగిలిన పురుగులు బాగానే తింటున్నాయి. సిస్టంలో ఏ లోపమూ లేదు.

5 డిసెంబరు, ఆదివారం. ఊరు.

ఈ రోజు అన్నాలు తినేటప్పుడు నాయన అడిగాడు. లోకేష్ కూడా ఉన్నాడు. అక్క ఎదురుగా, అమ్మ కలిపి పెడుతుంటే తింటోంది.

"నువ్వే చెప్పు పాపా. సదివినదానివి నువ్వు. ఆ పొద్దు బల్బు ఎలిగుంటాదా, లేదా?"

అందరూ నా వైపు చూశారు. అక్క నా పెదవులు చూస్తోంది.

"ఎలిగే ఉంటాది నాయనా," అన్నాను.

నాయన చెయ్యి కడుక్కుని వచ్చి, "ఆ బిడ్డది తప్పని అనడంల్యా. వినపడనిది దేవుడు చేసింది. కానీ ఈ తూరి చేతులు పొయినాయి, వచ్చే తూరి మనిషే పోతాది" అన్నాడు. అక్క ముందు కూర్చుని, తన నడుము చూపించి, చెయ్యి చాపాడు. అక్కకు కట్లున్నాయి కదా, ముడి విప్పుకోలేకపోయింది. అమ్మ విప్పింది. నాయన తాళంచెవి లోకేష్‌కు ఇచ్చాడు.

"నాకొద్దు చిన్నాయనా, నా తోటే నాకు సాలక ఉండాది," అన్నాడు లోకేష్.

"వచ్చే పంట నీ పేరు మీదే రాయిస్తా. పట్టుకో."

"పురుగులు దానికి తెలిసినట్టు నాకేం తెలస్తాయి?"

"నేర్చుకో."

లోకేష్ తాళంచెవి చేతిలో పట్టుకుని, జేబులో పెట్టుకోవడానికి కూడా సిగ్గుపడి, చివరికి గోడకున్న మేకుకు తగిలించి వెళ్లిపోయాడు.

నేను చెప్పినదాంట్లో తప్పు లేదు. డిటెక్టరులోకి పొగ వెళ్తే బల్బు వెలిగి తీరుతుంది. వెళ్తే.

7 డిసెంబరు, మంగళవారం. కుప్పం.

సార్‌తో కుప్పం వచ్చాను. నాగరత్నమ్మ గారి కొత్త ఇల్లు. ఆరు నెలల కిందట సార్ బిగించిన అలారం రోజూ తెల్లవారగానే మోగుతోందని కబురు. హాల్లో మనిషి ఒంటి వేడి కదిలితే పసిగట్టేది ఒకటుంది. ఆమె పొద్దున్నే ముగ్గు వెయ్యడానికి లేచి, అలారం ఆపకుండానే హాల్లోంచి నడుస్తుంది. అది ఆమెనే దొంగ అనుకుంటుంది.

"నంబరు నొక్కి ఆపమని చెప్పినాను కదమ్మా?"

"నొక్కతానే ఉండానప్పా! మరిచిపోతానని గోడ మీద రాసుకున్నాను కూడా." చూస్తే బటన్ల పెట్టె పక్కనే గోడకు పసుపుతో నాలుగంకెలు, ఇంత పెద్దవి, చుట్టూ చుక్కలు కూడా.

సార్ తల పట్టుకున్నారు. "దొంగకు ఏ కష్టమూ లేకుండా సేసినావు తల్లీ."

"పొద్దున కండ్లద్దాలుండవు కదప్పా, చిన్నగా రాస్తే నాకెట్ల కనపడతాది? దొంగకు మాత్రం కండ్లద్దాలుంటాయా ఏంది?"

నేను నవ్వాను. శుక్రవారం నుంచి మొదటిసారి.

నంబరు మార్చాం. ఆమె మనవరాలి పుట్టినరోజు పెట్టాం, మరిచిపోదని. తరువాత మిద్దె మెట్ల దగ్గరకు వెళ్లాం. పైన స్మోక్ డిటెక్టరు ఉంది. దానికి పసుపు మూత తొడిగే ఉంది. ఇంటికి రంగులు వేసిననాటి మూత.

సార్ నిచ్చెనెక్కి మూత తీశారు. దిగి, మూత చేతిలో పట్టుకుని ఆమె దగ్గరకు వెళ్లారు.

"అమ్మా, ఇది నేనే మరిచిపోయినాను. ఆరు నెలలుగా మీ ఇంట్లో ఇది ఉండీ లేనట్టే. తప్పు నాది."

నాగరత్నమ్మ గారు మూతను అటూ ఇటూ తిప్పి చూసింది. "సరేలేప్పా. ఈ పొద్దన్నా తీసినావు. కాఫీ తాగు" అంది.

అంతే. ఇల్లు కూలలేదు.

తిరిగి వచ్చే బస్సులో సార్ కిటికీలోంచి చూస్తూ తనలో తాను అనుకున్నట్టు అన్నారు. "మూత కప్పినా అది 'ఉన్నా, ఉన్నా' అనే చెప్తాంటుంది. పచ్చలైటు ఎలగతానే ఉంటాది. పెట్టెకు తెలీదు. కప్పినోడికే తెలస్తాది."

నేను సంచీ ఒళ్లో గట్టిగా పట్టుకుని కూర్చున్నాను.

మా షెడ్డు మూత నా సంచీలో ఉంది. శుక్రవారం స్టూలెక్కి నేను తీసింది అదే. అంతకు ముందు ఆదివారం సున్నం చల్లినప్పుడు తొడిగి, బస్సు హారను విని పరుగెత్తాను. నాలుగు రోజులు ఆ కన్ను మూసి ఉంది. బల్బు వెలగలేదు. అక్క ఎంత చూసినా వెలగదు.

రాశాను.

8 డిసెంబరు, బుధవారం.

ఉన్నా. ఉన్నా. ఉన్నా.

10 డిసెంబరు, శుక్రవారం. మదనపల్లె.

చెప్పకపోవడానికి కారణాలు వరుసగా ఆలోచించాను. నాయన చదువు మాన్పిస్తాడు. సార్‌కు చెడ్డపేరు. జరిగింది జరిగిపోయింది. లోకేష్ మంచివాడే. అక్కకు విశ్రాంతి కదా. ఈ చివరిది ఆలోచించినందుకు నన్ను నేను కొట్టుకోవాలి. అక్క ఎప్పుడు విశ్రాంతి అడిగింది?

సాయంత్రం షాపు మూసేముందు సార్ బల్ల మీద వేడి డిటెక్టరు పెట్టారు. ఆ రేకు ముక్కదే. వేడెక్కితే రేకు వంగుతుంది, వంగితే తీగ తగులుతుంది, గంట మోగుతుంది. దానికి దుమ్మంటే లెక్క లేదు. పొగ కంటే ఆలస్యంగా పసిగడుతుంది కాబట్టి కుంపటి పక్క కిటికీ దగ్గరే బిగించమన్నారు.

"సూసేదానికి ఏమీ బాగుండదు," అన్నారు. "కానీ మూత అక్కరలేదు."

నేను తలెత్తకుండా దాన్ని సంచీలో పెట్టుకున్నాను.

"రేపు సెలవు తీసుకో తల్లీ. ఊరికి పో."

11 డిసెంబరు, శనివారం. ఊరు.

మధ్యాహ్నం చేరాను. అమ్మ, లోకేష్ షెడ్డులో, పురుగులు గూళ్లు కట్టే వెదురు చంద్రికల మీదనుంచి గూళ్లు ఏరుతున్నారు. అక్క బయట రాతి మీద కూర్చుని ఉంది. లోపలికి రావద్దని ఎవరూ అనలేదట. తనే వెళ్లలేదట. ఎనిమిదేళ్లలో గూళ్లు ఏరే రోజున అక్క బయట ఉండటం నేను చూడలేదు.

పక్కన కూర్చున్నాను. ఎడమ చేతి కట్టు విప్పేశారు. సంచీలోంచి పసుపు మూత తీసి ఆ చేతిలో పెట్టాను. ఎలా చెప్పాలో నాలుగు రోజులుగా అనుకుంటున్న మాటలన్నీ పోయాయి.

అక్క మూతను చూసింది. నన్ను చూసింది. రెండు వేళ్లతో స్టూలెక్కే మనిషిని చేసి చూపించింది. పైకి చెయ్యెత్తి తొడిగినట్టు తిప్పింది. తరువాత బస్సు స్టీరింగు, పరుగెత్తే వేళ్లు, మజ్జిగ చెంబు ఎత్తి గటగటా తాగడం. అచ్చం నాలాగే, జుట్టు ఎగిరిపోతూ.

"నీకు తెలుసా?"

"తెల్సు."

మంట ఆర్పిన రోజే తలెత్తి మూతను చూసిందట. స్టూలెక్కి తీద్దామంటే చేతులు లేవు. మరునాడు నేను షెడ్డులోంచి చెయ్యి ఓణీలో దాచుకుని బయటకు రావడం కూడా చూసింది. ఆదివారం అన్నం దగ్గర నా పెదవులు చూసింది.

"యాల చెప్పలేదక్కా? నాయన తాళం తీసుకున్నప్పుడన్నా చెప్పల్ల కదా?"

అక్క ఎడమ చేతి వేలితో నా అరచేతిలో రాసినట్టు గీసింది. పలక. పుస్తకం. పొడుగాటి మాట. ఆ ఎండ కడ్డీలో చెయ్యి పెట్టి తీసినట్టు చేసింది. "పాపకు సదువు," అంది. "నాయన... నిలిపేస్తాడు."

నాకు ఏడుపు వచ్చింది. అక్క కట్టున్న చేతి వెనుక వైపుతో తుడిచి, మూత నా సంచీలో పెట్టేసి, పెదవుల మీద వేలు పెట్టింది. చెప్పొద్దని.

నేను మూత మళ్లీ బయటకు తీశాను. అక్క మళ్లీ లోపల పెట్టింది. నేను మళ్లీ తీశాను. ఇద్దరికీ నవ్వు వచ్చింది. ఏడుస్తూనే నవ్వాం. షెడ్డులోంచి అమ్మ, "యేందే ఆడ ఇద్దరికీ?" అని కేకేసింది.

సాయంత్రం నాయన వచ్చాడు. రేపు ఎనిమిదింటికి చాకీ కేంద్రానికి వెళ్లి వచ్చే పంటకు లోకేష్ పేరు రాయిస్తానన్నాడు.

"నాయనా, పోయేముందర ఏడింటికి షెడ్డు కాడికి రావల్ల. లోకేష్‌నూ పిలు."

"యాలమ్మా?"

"సూపించల్ల ఒకటి. మేకుకున్న తాళంచెవి కూడా పట్టుకురా."

నాయన నన్నూ, నా సంచీనీ చూశాడు. "సరే" అన్నాడు.

రేపు పొద్దున చెయ్యాల్సింది ఇది. గూళ్లన్నీ ఏరేశారు, షెడ్డులో పురుగులు లేవు కాబట్టి అగరొత్తి ముట్టించవచ్చు. అందరి ఎదుట ముందు మూత తొడుగుతాను. పొగ పెడతాను. పచ్చలైటు వెలుగుతూనే ఉంటుంది, ఎర్రబల్బు వెలగదు. నాయన ఎంతసేపు కావాలంటే అంతసేపు చూడనిస్తాను. తరువాత మూత తీస్తాను. బల్బు వెలుగుతుంది.

అప్పుడు చెప్పాలి. ఈ నెలంతా పొడుగాటి మాటలు పోగుచేశాను. రేపటికి కావలసింది కుప్పంలో సార్ అన్నదే: నేనే. ఆ పొద్దు తొడిగింది నేనే, తీయనిది నేనే, బల్బు వెలిగే ఉంటుందని అబద్ధం చెప్పింది నేనే. చదువు సంగతి నాయన ఇష్టం. తాళంచెవి సంగతి మాత్రం ఆయన ఇష్టానికి వదలను, అక్క నడుముకు కట్టేదాకా అక్కడే నిలబడతాను. ఆ తరువాత కిటికీ దగ్గర వేడి డిటెక్టరు బిగిస్తాను.

ఏడింటికి తూర్పు తలుపు తీస్తే ఎండ నేరుగా లోపలికి పడుతుంది. ఆ ఎండ నా ముఖం మీద పడేలా నిలబడాలి. ఆ మాట అంటున్నప్పుడు నా పెదవులు అక్కకు బాగా కనబడాలి.